మానుకౌ బురదలో మూడు విజిళ్లు

నవంబరు నెల రెండో మంగళవారం, పగలు పదకొండూ నలభైకి ఇదంతా మొదలైంది. ఏ సంవత్సరమో కూడా నాకు గుర్తుంది కానీ రాయను. రాస్తే అది ఏ బడో కనిపెట్టేసేవాళ్లు ఆక్లండ్‌లో చాలామంది ఉన్నారు. ఆ నిమిషానికి మేం మానుకౌ హార్బరులో, ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు మాత్రమే బయటపడే బురద నేల మధ్యలో ఉన్నాం. పది మంది పిల్లలు, ముగ్గురు పెద్దవాళ్లు. మా ఇన్‌స్ట్రక్టర్ విజిల్ నోట్లో పెట్టుకుని మూడుసార్లు ఊదాడు. ఉన్నపళంగా ఒడ్డుకి రమ్మని దాని అర్థం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. మనవాళ్లు కూడా ఇప్పుడు ఈ వైపు వస్తున్నారు, సంతోషం. అన్నీ సవ్యంగా జరిగిన రోజుల గురించి మీకు ట్రైనింగులో చెబుతారు. ఇది ఆ బాపతు రోజు కాదు.

మాది మనురేవా వైపు ఒక హైస్కూలు. నేను కాకినాడలో పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పి, మా ఆయన కంప్యూటరు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, మొదట టీచర్ ఎయిడ్‌గా చేరి, మళ్లీ చదివి, చివరికి ప్రత్యేకంగా నేర్చుకునే పిల్లల విభాగానికి పెద్దనయ్యాను. ఆ విభాగంలోంచి పది మందిని ప్రతి మంగళవారం ఆరుబయటికి తీసుకెళ్లేవాళ్లం. ఆటిజం ఉన్నవాళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు, రెండూ ఉన్నవాళ్లు, ఏమీ లేదని తల్లిదండ్రులు గట్టిగా నమ్మే పిల్లలు. కాగితాల మీద దాని పేరు అనుభవం ద్వారా విద్య. పిల్లలు దాన్ని ‘ట్యూస్‌డే’ అనేవాళ్లు. పీతల బొరియలు లెక్కపెట్టడం, పోటు పట్టికలు చదవడం, గాలిలో గ్యాస్ స్టవ్ వెలిగించి నూడుల్స్ వండుకోవడం. తరగతి గదిలో పావుగంట కూర్చోలేని పిల్ల బొరియల దగ్గర గంటన్నర కూర్చునేది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇన్‌స్ట్రక్టర్ ఈ దేశపు మూలవాసి, మావోరీ మనిషి, యాభై దాటినవాడు, ఆ హార్బరు ఒడ్డునే పెరిగాడు. నన్ను ఆంటీ అని పిలిచేవాడు. నాకంటే మహా అయితే పదేళ్లు చిన్న, కానీ పెద్దావిడని ఆంటీ అనడం వాళ్లలోనూ మనలోనూ ఒకటే కాబట్టి నేనూ అభ్యంతరం పెట్టలేదు. మూడో మనిషి వరంగల్ అమ్మాయి. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, చదువు అయ్యాక మా దగ్గర ఎయిడ్‌గా కుదిరింది. పిల్లలు నాకంటే ఆమె మాటే ఎక్కువ వినేవాళ్లు. నా పద్ధతుల మీద ఆమెకి ఒక నవ్వు ఉండేది.

నా పద్ధతి ఏమిటంటే, ఎక్కడికి వెళ్లాలన్నా ముందు బడి మైదానంలో రిహార్సల్ చేయించడం. మైదానంలో కోన్‌లు పెట్టి, నీళ్లకి బదులు నీలం టార్పాలిన్ పరిచి, అడుగడుగూ నడిపించేదాన్ని. జరగబోయేది ముందే తెలిస్తే ఈ పిల్లలకి సగం భయం పోతుంది. ఇది నిజం, ఇప్పటికీ నిజమే.

“మేడం, మీరు స్వర్గానికి పోయేటప్పుడు గూడ ముందుగాల ఫీల్డ్‌ల రిహార్సల్ జేసే పోతరు” అనేది వరంగల్ అమ్మాయి.

“చేస్తే తప్పేంటి? దారి తెలియకుండా పోవడం మంచిదా?”

“అక్కడ కోన్‌లు ఎవరు మోస్తరు మరి?”

“నువ్వే. నిన్నే ముందు పంపిస్తాను.”

బురద మీద నడిచి ఎదురుగా ఉన్న చిన్న దిబ్బ దాకా వెళ్లి రావడం ఆ ఏడాది మా పెద్ద కార్యక్రమం. దానికి మూడుసార్లు రిహార్సల్ చేశాం. ఒడ్డున మేం బ్యాగులు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటి ఉంది. మూడు విజిళ్లు వినపడితే అందరూ ఆ షెడ్డుకి రావాలి, ఒక చెయ్యి దాని స్తంభానికి ఆనించాలి, రెండో చెయ్యి పైకెత్తాలి, అందరూ వచ్చేదాకా దించకూడదు. దూరం నుంచి లెక్కపెట్టడానికి చేతులు తేలిక. మైదానంలో షెడ్డు లేదు. అందుకని రగ్బీ గోల్ పోస్టుని షెడ్డు అనుకోమన్నాం. పిల్లలు చక్కగా వచ్చారు, ముట్టుకున్నారు, చేతులెత్తారు. వరంగల్ అమ్మాయి ఫోటో తీసింది. ఆ ఫోటోని కార్డుగా చేసి, మిగతా సూచనల ఫోటో కార్డులతో కలిపి, ప్రతి పిల్లవాడి మెడలో వేశాం. మూడు విజిళ్ల కార్డు మీద తెల్లటి గోల్ పోస్టు ఉంది. ముగ్గురం ఆ కార్డు చూశాం. ముగ్గురికీ బాగానే ఉందనిపించింది.

ఇప్పుడు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. పదిహేనేళ్లది. తల్లిదండ్రులు కడప జిల్లా నుంచి వచ్చి మనురేవాలో ఒక డైరీ నడుపుతున్నారు. మన దగ్గర వీధి చివర కిరాణా కొట్టు ఎలాగో ఇక్కడ డైరీ అలాగ. అమ్మాయికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ రెండు మూడు మాటల్లో. అంతకు ముందు ఏడాది నాలుగుసార్లు చెప్పకుండా బడి దాటి వెళ్లిపోయింది. ఒకసారి రైలెక్కి రెండు స్టేషన్లు పోయి తిరిగి వచ్చింది. దాంతో బడి ఆమెని సగం రోజుకే పరిమితం చేసింది. పదకొండున్నరకి తల్లి వచ్చి తీసుకెళ్లాలి. మంగళవారం మాత్రం మాతో రోజంతా. ఆ ఆఖరి టర్ము మొత్తం మా గుంపుని వదలకుండా ఉంటే ఫిబ్రవరిలో కొత్త ఏడాది మొదలైనప్పటి నుంచి పూర్తి రోజు ఇస్తామని, వదిలితే ఇంకో ఏర్పాటు చూసుకోవాలని ఒక కాగితం రాసుకున్నాం. ప్రిన్సిపల్, తల్లి, నేను సంతకాలు పెట్టాం.

ఇంకో ఏర్పాటు ఏమిటో నేను చూశాను. కొట్టు వెనక గదిలో, పాలసీసాల ట్రే బోర్లించి, దాని మీద ఆ పిల్ల. ఎదురుగా చిప్స్ పెట్టెలు.

ఆమె గురించి ఇంకొకటి. ‘అనుకో’ అనే మాట ఆమె దగ్గర పనిచేయదు. ఒక బుట్టలో పది యాపిల్స్ ఉన్నాయనుకో అంటే “బుట్ట లేదు” అంటుంది. అల్లరి కాదు, నిజంగానే లేదు కదా. ఈ విషయం ఆమె ఫైల్లో రాసిందే నేను.

మళ్లీ మంగళవారానికి వస్తాను. వెళ్లడం బాగా జరిగింది. పిల్లలు గమ్‌బూట్లలో చప్పుడు చేసుకుంటూ నడిచారు. మడ చెట్ల పక్కనుంచి పోతుంటే నాకు కోరింగ గుర్తొచ్చింది. వాసన ఒకటే, బురద రంగే వేరు. వెనక్కి వచ్చే దారిలో మా గుంపులో ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి బూట్లు విప్పేశాడు. కాళ్లకి ఏదైనా బిగుతుగా ఉంటే వాడు భరించలేడు. మామూలుగా వారమంతా మంచం దిగని పిల్లాడు. మంగళవారం మాత్రం ఏడింటికే నానమ్మని లాక్కుని బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఆల్చిప్ప మీద కాలు వేశాడు. అరికాలు అడ్డంగా తెగింది.

రక్తం చూసి ఒకడు చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టాడు. ఇంకో అమ్మాయి బురదలో చతికిలపడింది. పోటు మొదలై ముప్పావుగంట అయింది, ఇంకా టైముంది కానీ ఆలస్యం చేయకూడదు. ఇన్‌స్ట్రక్టర్ మూడు విజిళ్లు ఊది, ఆ అబ్బాయిని వీపు మీద వేసుకోవడానికి వంగాడు. నేను గుడ్డ కట్టు కడుతున్నాను. వరంగల్ అమ్మాయి అరిచేవాణ్ణి ఊరడిస్తోంది. పిల్లలందరూ విజిల్ సంగతి వదిలేసి మా చుట్టూ మూగారు. వాళ్లకి మేం ఉన్నచోటే భద్రమని అనిపించింది. తప్పు పట్టను.

కట్టు అయ్యాక లెక్కపెట్టాను. తొమ్మిది.

“మేడం, అగో” అంది వరంగల్ అమ్మాయి. చెయ్యి చాపి చూపించింది.

ఒడ్డుకి వ్యతిరేక దిక్కున, పడవలు పోయే లోతు కాలువ అంచున, దారి గుర్తుగా పాతిన తెల్ల స్తంభం ఒకటి ఉంది. దాని దగ్గర డైరీ వాళ్ల పిల్ల నిలబడి ఉంది. మోకాళ్లు దాటి నీళ్లు. ఇన్‌స్ట్రక్టర్ అబ్బాయిని కిందికి దించి పరుగెత్తాడు. బురదలో పరుగెత్తడం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒక బూటు బురద పీక్కుంది, ఆగలేదు. మేమిద్దరం తొమ్మిది మందినీ చేతులు పట్టించి అక్కడే నిలబెట్టాం. నా జీవితంలో కదలకుండా నిలబడటం అంత కష్టమైన పని ఎప్పుడూ కాలేదు.

అతను చేరేసరికి నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి. అతను ఛాతీ దాకా తడిశాడు, ఎందుకంటే మధ్యలో ఒక గుంటలో పడ్డాడు. భుజానికి తగిలించుకున్న రేడియో అక్కడే పోయింది. ఆమెని పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె ఏడవలేదు, గింజుకోలేదు. ఒకటి మాత్రం నేను అంత దూరం నుంచీ చూశాను. అతను వెళ్లేదాకా ఆమె ఒక చెయ్యి స్తంభం మీద ఉంది, రెండోది పైకెత్తి ఉంది. సాయం కోసం ఊపుతోందనుకున్నాను. ఊపడం లేదు, ఊరికే ఎత్తి ఉంచింది.

వ్యానులో దుప్పటి చుట్టి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. “ఎందుకమ్మా అటు వెళ్లావు?” అని తెలుగులోనే అడిగాను.

“నేనే ఫస్ట్” అంది ఇంగ్లీషులో. “మిగతావాళ్లు రాలేదు” అని కూడా అంది. వాళ్ల మీద ఆమెకి కోపంగా ఉంది. మెడలో ఉన్న కార్డు తీసి, తడిసిన వేలితో ఆ ఫోటో మీద కొట్టి చూపించింది. “మూడు విజిళ్లు. రూల్.”

వరంగల్ అమ్మాయి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఆ కార్డు చూసింది, నన్ను చూసింది. 

మూడింటికి పిల్లలు వెళ్లిపోయాక, బడి కారు పార్కింగులో ముగ్గురం నిలబడ్డాం. ఆ రోజు సాయంత్రంలోగా ఏం జరిగిందో నేను రాసివ్వాలి. ఇన్‌స్ట్రక్టర్ ఇంకా తడి బట్టల్లోనే ఉన్నాడు, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడు.

“ఆంటీ, ఆ అమ్మాయి గుంపు వదిలి వెళ్లింది. అది అబద్ధం కాదు. అంతవరకే రాద్దాం” అన్నాడు.

“ఎందుకు వెళ్లిందో రాయకపోతే అబద్ధమే.”

“ఎందుకో రాస్తే మంగళవారాలు పోతాయి. మన సూచన తప్పని తేలితే బడి నడిపే బోర్డు ఒక్క రోజు కూడా నడవనివ్వదు. తొమ్మిది మంది, ఆంటీ. కాలు తెగినవాణ్ణి చూశావుగా? వ్యాను దిగేటప్పుడు ఏమన్నాడో విన్నావా? వచ్చే మంగళవారం కుంటుతూ అయినా వస్తానన్నాడు. వాడికి నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?”

“నేనే చెబుతాను.”

“చెప్పడం తేలికే.” కోపంగా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నేను వరంగల్ అమ్మాయి వైపు చూశాను. ఆమె రెండు చేతులతో మొహం రుద్దుకుంది. “నన్నడగకుండ్రి మేడం. ఇద్దరు నిజమే మాట్లాడుతున్నరు. గదే బాధ.”

“తొమ్మిది మందికి పోయేది మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చు” అన్నాను. “రూల్స్ మారుస్తాం, మళ్లీ పర్మిషన్ తెస్తాం. ఈ పిల్ల ఐదోసారి పారిపోయిందని ఒకసారి రాస్తే మాత్రం దాన్ని ఎవరూ తుడవరు. చెప్పింది చెప్పినట్టు చేసినందుకు కొట్టు వెనక గదిలో కూర్చోవాలా?”

ఇన్‌స్ట్రక్టర్ తల అడ్డంగా ఊపి, ఉన్న ఒక్క బూటూ విప్పేసి, మేజోళ్లతోనే తన కారు దాకా నడిచి వెళ్లాడు.

ప్రిన్సిపల్ మంచివాడే. టీ తెప్పించాడు, అమ్మాయికి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. కార్డు మీద తెల్ల స్తంభం ఉంది కాబట్టే కాలువ అంచున తెల్ల స్తంభం దగ్గరికి వెళ్లిందని నేను రాసింది చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కొంచెం మెత్తగా రాద్దామన్నాడు. విద్యార్థిని గుంపు నుంచి కొంత దూరం వెళ్లింది, సిబ్బంది వెంటనే స్పందించారు, అంతే. ఆ మెత్తని వాక్యం పక్కన తల్లితో కలిసి మేం సంతకాలు పెట్టిన షరతు కాగితం పెడితే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

“ఆమె వెళ్లిపోలేదండీ. తిరిగి వచ్చింది. మేం చెప్పిన చోటికి వచ్చింది” అన్నాను.

“ఇది మీ ఊహ కావచ్చు కదా? ఆ అమ్మాయికి ఇంతకు ముందు కూడా...”

“ఊహ కాదు. రేపు ఇంటర్వెల్‌కి ముందు పది నిమిషాలు మైదానంలోకి రండి. అప్పటిదాకా ఇది పక్కన పెట్టండి.”

ఆరింటికి డైరీకి వెళ్లాను. ఫోనులో చెప్పే విషయం కాదు. తండ్రి కౌంటరు దగ్గర ఉన్నాడు, తల్లి నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి ఆ ట్రే మీదే కూర్చోమంది. అమ్మాయి పైన స్నానం చేస్తోందట. నేను ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. ఆమె వింటూ ఒక పాలసీసా మూత బిగిస్తూ, విప్పుతూ ఉంది.

“నీళ్లలోకి పంపించినారు నా బిడ్డని” అంది.

“అవును.”

“మళ్ల ఇంగ బడికి రావద్దంటారా?”

“అననివ్వను.”

“మీరు అననిస్తారా లేదా అని కాదు మేడమ్ నేనడిగేది. మీరు పెద్దోళ్లు, మీ మీద కోపం లేకుండా చెప్తాండా. అది చెప్పింది చేస్తాది. పుట్టినప్పటి నుంచి అంతే. రైలెక్కింది కూడా ఎవురో ‘పో’ అన్న్యారనే. ఈ సంగతి నాకు ముందు నుంచీ తెలుసు. మీకు తెలిసేకి ఇంత పొద్దు పట్టింది.”

 లేచి వస్తుంటే నా చేతిలో ఒక బ్రెడ్డు పాకెట్టు పెట్టింది. వద్దన్నాను. “తీస్కోండి, పొద్దున్నించి ఏం తిన్నట్టు లేరు” అని విసుక్కుంది.

బుధవారం సన్నగా వాన పడుతోంది. మైదానానికి ఈ చివర నేను, ప్రిన్సిపల్. ఆ చివర, కంచె పక్కన, మురుగు కాలువ మూత మీద ఉన్న అక్షరాలు చదువుతూ మా అమ్మాయి, ఆమెకి కాస్త దూరంలో వరంగల్ అమ్మాయి. అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ షరతు నేనే పెట్టాను. మెడలో కార్డులు కూడా లేవు.

ఇన్‌స్ట్రక్టర్ వస్తాడనుకోలేదు. వచ్చాడు. నా వైపు చూడకుండా విజిల్ నా చేతిలో పెట్టాడు. “నువ్వే ఊదు, ఆంటీ. నా చేత్తో నేను చేయను.”

విజిల్ ఊదడం నాకు రాదని ఆ రోజే తెలిసింది. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. ప్రిన్సిపల్ మర్యాదగా ఆకాశం వైపు చూశాడు. రెండో ప్రయత్నంలో మూడు కూతలు గట్టిగా వచ్చాయి.

అమ్మాయి తలెత్తింది. ఒక్కసారి చుట్టూ చూసి, గోల్ పోస్టు వైపు నడక మొదలుపెట్టింది. పరుగు లేదు, ఆగడం లేదు. దారిలో బంతి ఆడుతున్న ఇద్దరు కుర్రాళ్ల మధ్య నుంచి నేరుగా పోయింది. వాళ్లు ఏదో అన్నారు, వినలేదు. గోల్ పోస్టుకి ఎడమ చెయ్యి ఆనించి, కుడి చెయ్యి పైకెత్తి నిలబడింది. దూరం నుంచి నిన్న చూసిన బొమ్మే. నీళ్లొక్కటే లేవు.

 “చెయ్యి ఎప్పుడు దించుతుంది?” అని అడిగాడు ప్రిన్సిపల్.

“అందరూ వచ్చాక.”

“అందరూ అంటే?”

“మనం.”

వరంగల్ అమ్మాయి వెళ్లి పోస్టు ముట్టుకుని చెయ్యెత్తింది. నేను వెళ్లాను. ఇన్‌స్ట్రక్టర్ వచ్చాడు. అమ్మాయి ఇంకా దించలేదు. ప్రిన్సిపల్‌ని చూస్తోంది. ఆయన తడి గడ్డిలో మెరిసే బూట్లతో జాగ్రత్తగా నడిచి వచ్చి, సూటు చేతి మీద వాన పడుతుండగా, ఒక చెయ్యి పోస్టుకి ఆనించి రెండోది పైకెత్తాడు. అమ్మాయి మమ్మల్ని ఒక్కొక్కరినే వేలితో లెక్కపెట్టింది. చెయ్యి దించింది.

“మీరు లాస్ట్” అంది ఆయనతో.

“అవును, నేనే లాస్ట్” అన్నాడాయన.

అమ్మాయి మళ్లీ మురుగు కాలువ మూత దగ్గరికి వెళ్లాక, ప్రిన్సిపల్ చేతి రుమాలుతో అరచెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: “ఆమె కాగితం మీద ఈ రోజే సంతకం పెడతాను. ఫిబ్రవరి నుంచి పూర్తి రోజు. ఇక ఆ షరతు లేదు.” నేను ఊపిరి వదిలేలోపే, “మీరు ఇప్పుడు నాకు ఇంకేం చూపించారో మీకు తెలుసు కదా?” అన్నాడు.

“తెలుసు.”

“ఇదే సూచనతో పది మందిని పోటు ముందుకి తీసుకెళ్లారు. తొమ్మిది మంది వినలేదు కాబట్టి బతికిపోయాం.”

 ఆ మధ్యాహ్నమే మంగళవారాలు ఆపేశారు.

ఆ తర్వాతి మంగళవారం ఏడింటికి నేను గేటు దగ్గర ఉన్నాను. ఆ అబ్బాయి కాలికి కట్టుతో, నానమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాడు. చెప్పాను. నా మొహం వైపు చూడకుండా “వచ్చే వారం?” అన్నాడు. ప్రయత్నిస్తున్నానని చెప్పాను. ఆ పై మంగళవారం కూడా వచ్చాడు. మూడో మంగళవారం రాలేదు.

ప్రయత్నించాను, ఉత్తినే అనలేదు. సూచనలన్నీ మళ్లీ రాశాను. కోన్‌లు, టార్పాలిన్లు, గోల్ పోస్టులు తీసేశాను. రిహార్సల్ ఏదైనా ఆ చోటే, నీళ్లు లేని గంటలో, కార్డు మీద ఆ చోటి ఫోటోనే. తర్వాతి ఏడాది రెండు టర్ములు బోర్డు మీటింగు ప్రతిదానికీ వెళ్లాను. రెండో వరస కుర్చీలో నన్ను చూస్తే వాళ్లకి నవ్వు వచ్చేది, తర్వాత విసుగు వచ్చేది. చివరికి బడి ఆవరణలో కూరగాయల మడి వేసుకోమని ఇచ్చారు. అది కూడా చేశాం. టమాటాలు బాగా కాశాయి. టమాటాల కోసం ఆ అబ్బాయి మంచం దిగలేదు. మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. నానమ్మ టీ ఇచ్చింది, గది తలుపు తెరుచుకోలేదు.

కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. పిల్ల ఎక్కడికో వెళ్లిపోయిందని రాసేముందు, ఎక్కడికి వెళ్లమని మనం చెప్పామో చూసుకోండి. అనుభవం నేర్పుతామని బోర్డు పెట్టుకుని, ఆ అనుభవానికి నకలు తయారుచేసి నకలునే నేర్పించాం మేం. పిల్లల గురించి బాగా తెలిసినవాళ్లు చేసే తప్పు అది. తెలియనివాళ్లు అంత శ్రద్ధగా రిహార్సల్ చేయించరు. ఇక, మళ్లీ అదే మధ్యాహ్నం వస్తే అదే రాస్తానా అని వరంగల్ అమ్మాయి నన్ను ఒకసారి అడిగింది. రాస్తాను. మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చు అన్నాను చూడండి, ఆ ఒక్క మాట మాత్రం అనను. తెచ్చుకోలేకపోయాను.

అమ్మాయి పూర్తి రోజులు వచ్చింది, చదువు ముగించింది. అది పోయినవాటి లెక్కలోకి రాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, పోయినవి రాస్తున్నాను. బురదలో గమ్‌బూటు ఒకటి. గుంటలో రేడియో ఒకటి. ఆ టర్ములో మిగిలిన మంగళవారాలు నాలుగు, తర్వాతి ఏడాదివి అన్నీ. డిసెంబరులో కాంట్రాక్టు అయిపోయి, నాకు చెప్పకుండా వెళ్లిపోయిన ఒక మంచి ఇన్‌స్ట్రక్టర్. ఏప్రిల్‌లో బడి రిజిస్టరులోంచి పేరు తీసేసిన పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు.